ముందు నీడ కొలవండి, తర్వాత మడి కట్టండి

(మే నెలాఖరులో ఒక ఆదివారం ఉదయం, గుంటూరులోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకావిడ పెరట్లో కూరగాయల మడులు కట్టుకోవడం గురించి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా అండీ? సరే. ఫ్యాను కింద చోటు దొరికినవాళ్ళు అదృష్టవంతులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మా ఇంట్లో చాలాకాలం మడి అంటే ఒకటే అర్థం. మా అత్తగారు మడి కట్టుకున్నారంటే ఆవిడ వంట అయ్యేదాకా మేమెవరం అటు పోకూడదు. నేను రిటైరయ్యాక ఒకరోజు, "అత్తయ్యా, రేపట్నుంచి మడి కడదామనుకుంటున్నాను" అన్నాను. ఆవిడ ఎంత మురిసిపోయారో! ఇన్నాళ్ళకి కోడలికి బుద్ధొచ్చిందనుకున్నారు. మర్నాడు పొద్దున్నే వాకిట్లోకి ఇటుకల ట్రక్కాటో వచ్చింది. (నవ్వులు) ఈ మడి ముట్టుకోకుండా కట్టేది కాదు, మోచేతుల దాకా మట్టి పూసుకుని కట్టేదని అప్పుడు చెప్పాల్సొచ్చింది.

నేను 31 ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం చేశాను. ఆడదాన్నయినా ఆఫీసు కాగితాల్లో డ్రాఫ్ట్స్‌మన్నే. కాలవల అడ్డుకోతలు, తూముల డ్రాయింగులు గీసిన చెయ్యి ఇది. వ్యవసాయం చదువుకోలేదు. ఆకుమచ్చ తెగులుకి ఏం కొట్టాలని అడిగితే నాకు తెలిసింది అంతంతమాత్రం. ప్లాన్ గీయడం గురించి మాత్రం ఎంతసేపైనా చెబుతాను.

ఇప్పటికే విత్తనాలు కొనేసినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, సగం హాలు. నేనూ అంతే చేశానండీ. ఒక్కరోజే పద్నాలుగు ప్యాకెట్లు తెచ్చాను. ప్యాకెట్టు మీద బొమ్మలు అలా ఉంటాయి మరి. వాటిలో క్యారెట్టు, క్యాబేజీ, ఎర్ర ముల్లంగి కూడా ఉన్నాయి. మా ఇంట్లో క్యాబేజీ వాసనే ఎవరికీ పడదు!

సరే, నా అసలు తప్పు అది కాదు. నేను మొదటి మడి కట్టింది సరిగ్గా ఇలాంటి మే నెలలోనే. పెరట్లో దక్షిణం వైపు ప్రహరీ గోడ ఉంది, అయిదు అడుగుల ఎత్తు. దాని పక్కన తూర్పు పడమరలుగా పొడుగాటి జాగా ఖాళీగా పడి ఉంది. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను, సాయంత్రం చూశాను. నిండా ఎండ. ఇంకేం, గోడకి ఆనించి నాలుగు అడుగుల వెడల్పున మడి కట్టించేశాను. వానలకి గోంగూర, బెండ బ్రహ్మాండంగా వచ్చాయి. దసరా వెళ్ళాక టమాటా నారు పెట్టాను. అక్కడ మొదలైంది. మొక్కలు సన్నగా, పొడుగ్గా, మెడ చాపి ఏదో చూస్తున్నట్టు పెరిగాయి. పువ్వు అక్కడొకటి, ఇక్కడొకటి. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి బట్టలు ఆరేయడానికి వెళ్ళి చూద్దును కదా, మడి అంతా గోడ నీడలో ఉంది. ముందు అంచున ఒక అరడుగు మేర మాత్రం ఎండ.

ఏం జరిగిందో చెబుతాను. మన గుంటూరు మీద సూర్యుడు మే మొదటి వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట మనకి కాస్త ఉత్తరం వైపునే ఉంటాడు. ఇవాళ ఇంటికెళ్ళి పన్నెండున్నరకి చూడండి, దక్షిణం గోడకి మన పెరటి వైపున నీడే ఉండదు. ఆ రోజు నన్ను మోసం చేసింది ఇదే. ఆ వారం దాటాక మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి దక్షిణం వైపుకి వెళ్ళిపోతాడు. డిసెంబరు 21, 22 తేదీలకి బాగా కిందికి దిగిపోతాడు, మధ్యాహ్నం పూట కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మన కూరగాయలకి అన్నిటికంటే మంచి కాలం ఏది? ఆ చలికాలమే. అంటే తోటకి ఎండ బాగా కావలసిన రోజుల్లోనే గోడ నీడ బాగా పొడుగు.

దీనికి నేనొక లెక్క కట్టుకున్నాను. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం, అడుగు ఎత్తు ఉన్న వస్తువు నీడ పది అంగుళాలు పడుతుంది, ఉత్తరం వైపుకి. అడుగుకి పది అంగుళాలు, అంతే. హైదరాబాదు, విశాఖ వైపు చుట్టాలుంటే ఇంకో అర అంగుళం కలుపుకోమనండి. నా గోడ అయిదు అడుగులు. మడి అడుగు ఎత్తు ఉంది కాబట్టి మట్టి మీద నుంచి గోడ నాలుగు అడుగులు. నాలుగు పదులు నలభై అంగుళాలు. మడి వెడల్పు 48 అంగుళాలు. ఎనిమిది అంగుళాలే మిగిలాయి! ఇది మధ్యాహ్నం సంగతి. పొద్దున, సాయంత్రం ఆ నీడ ఇంకా పొడుగవుతుంది. ఆఫీసులో కాలవ గట్లకి ఇలాంటి లెక్కలు వందలు వేశాను. సొంత పెరటికి వేయాలని తోచలేదు.

కాబట్టి ఇవాళ మీరు ఇంటికెళ్ళి చేయవలసిన మొదటి పని ఇటుకలు బేరమాడడం కాదు. ఒక తెల్ల కాగితం మీద పెరడు గీయండి. ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. గోడలు, పక్కింటి మేడ, నీళ్ళ ట్యాంకు, కొబ్బరి చెట్టు, మునగ చెట్టు అన్నీ గీయండి. ఒక్కోదాని ఎత్తు పక్కన రాయండి. మేడకి అంతస్తుకి పదడుగులు వేసుకోండి, పెద్ద తేడా రాదు. ఒక్కోదాని నుంచి ఉత్తరానికి, అడుగుకి పది అంగుళాల చొప్పున పెన్సిల్‌తో నీడ గీసి నింపండి. నల్లబడకుండా తెల్లగా మిగిలిన చోటు ఉందే, అదే మీ తోట. టమాటా, వంగ, బెండ, మిరప, చిక్కుడు లాంటి కాయ కాసేవాటికి రోజుకి కనీసం ఆరు గంటల ఎండ కావాలి, అవన్నీ అక్కడికే. నల్లబడిన చోటు దండగని కాదు. ఆకుకూరలు మూడు నాలుగు గంటల ఎండతో సర్దుకుంటాయి. నా దక్షిణం గోడ మడిలో ఇప్పుడు పుదీనా, పొన్నగంటి ఉన్నాయి. పొన్నగంటి ఎలా పాకిందంటే దాన్ని ఆపడమే పనైపోయింది.

ఇదే లెక్కతో ఇంకోటి. తీగలకి పందిరి వేస్తారు కదా, బీరకి, కాకరకి. అది తోటకి ఉత్తరపు అంచున వేయండి. దక్షిణాన వేశారంటే మీ పందిరే మీ వంకాయలకి ప్రహరీ గోడ అవుతుంది.

ఏమండీ? మధ్యలోనే అడగండి, పరవాలేదు.

(సభలోంచి: "అసలు ఎత్తు మడి ఎందుకమ్మా? నేల మీదే వేసుకోకూడదా?")

మంచి ప్రశ్న. అందరూ ఎత్తు మడి కట్టనక్కర్లేదు. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, వాన పడితే చెప్పు వదలదు. అక్టోబరులో ముసురు పట్టి మూడు రోజులు నీళ్ళు నిలిచాయంటే మిరప, వంగ వేళ్ళకి ఊపిరాడదు. పైకి వాడిపోతున్నట్టు కనిపిస్తాయి. మనం నీళ్ళు చాలలేదనుకుని ఇంకో బకెట్టు పోస్తాం. చేజేతులా చంపినట్టే. అడుగు ఎత్తు మడి ఉంటే వాన నీరు దిగిపోతుంది, మొక్క బతుకుతుంది. మన నేలలో ఎత్తు మడి ఎందుకయ్యా అంటే అందుకు.

అదే బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల వాళ్ళెవరైనా ఉన్నారా? మీరు ఎత్తు మడి కట్టకండి. అక్కడ పోసిన నీళ్ళు పోసినట్టే దిగిపోతాయి, దాన్ని ఇంకా ఎత్తితే ఎండాకాలం పూటపూటకీ నీళ్ళు పట్టాలి. మీకు నేల మట్టానికే మడి, వీలైతే ఒక నాలుగు వేళ్ళు పల్లంగా, నిండా పశువుల ఎరువు. వీడియోల్లో చూసి చెక్కపెట్టెలు చేయించుకోకండి.

ఇక కొలతలు. పొడుగు మీ ఇష్టం. వెడల్పు మాత్రం మీ ఇష్టం కాదు, మీ చేతి ఇష్టం. గొంతుకూర్చుని చెయ్యి చాపితే నడుం వంచకుండా అందేది రెండడుగులు. రెండు వైపులా తిరిగే దారి ఉంటే మడి నాలుగు అడుగులు. గోడకి ఆనించి ఉంటే రెండు, మహా అయితే రెండున్నర. నా గోడ పక్క మడి నాలుగడుగులని చెప్పాను కదా, అది రెండో తప్పు. అవతలి అంచున కలుపు తీయాలంటే మడిలో కాలు పెట్టాలి. ఎత్తు మడిలో కాలు పెట్టకూడదండీ. మట్టి గుల్లగా ఉండాలనే కదా ఇంత తతంగం, మనమే తొక్కి గట్టి చేస్తే ఎలా? మా మనవడికి ఇది చెప్పడం నావల్ల కాలేదు. చివరికి వాడికో చిన్న మడి విడిగా ఇచ్చేశాను, ఎంత కావాలంటే అంత తొక్కుకోమని.

మడికీ మడికీ మధ్య దారి రెండడుగులు. అడుగున్నర చాలదా అంటారు. కాగితం మీద చాలుతుంది. బెండ మొక్కలు రెండు వైపుల నుంచి వాలాక, చేతిలో నిండు బకెట్టుతో నడిచి చూడండి.

ఎత్తు అడుగు. ఆకుకూరలకి ఎనిమిది అంగుళాల మట్టి చాలు గానీ అన్నిటికీ పనికొచ్చేది అడుగు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రెండడుగులు కట్టించుకోండి, గోడ తొమ్మిది అంగుళాల మందం పెట్టించండి. అంచు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మా అత్తగారి కోసం అలా ఒకటి కట్టించాను. కొత్తిమీర ఆవిడ సొంత వ్యవహారం, అందులో నేను వేలు పెట్టను.

దేనితో కట్టాలి? ఇటుక మంచిదే. అన్నిటికంటే కింది వరసలో రెండడుగులకో రంధ్రం వదలమని మేస్త్రీకి చెప్పండి, చెప్పకపోతే నీళ్ళ తొట్టిలాగా పకడ్బందీగా కట్టేస్తాడు. కింద సిమెంటు వేయనివ్వకండి, మడిలో మట్టి కింద నేలకి తగలాలి. నాకు మాత్రం నాపరాయి నచ్చింది. బేతంచర్ల నుంచి వచ్చే పలకలు మనకి దొరుకుతాయి కదా, హైదరాబాదు వైపైతే తాండూరువి. అంచులు విరిగినవి, పాలిష్ పట్టనివి అడిగితే తక్కువకి ఇస్తారు. అడుగున్నర వెడల్పు పలకని అరడుగు భూమిలో పాతితే అడుగు పైకి ఉంటుంది. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల మడి చుట్టుకొలత 24 అడుగులు. రెండడుగుల పలకలు పన్నెండు. సిమెంటు లేదు, మేస్త్రీ లేడు. చోటు నచ్చకపోతే పీకి ఇంకోచోట పెట్టుకోవచ్చు. తాటి మొద్దులు అందంగా ఉంటాయి గానీ రెండేళ్ళకే చెద పట్టాయి మా ఇంట్లో.

కట్టే ముందు తుంగ సంగతి చూడండి. పైన అట్టపెట్టెలు పరిచి మట్టి పోస్తే గడ్డి చస్తుందంటారు. గడ్డి చస్తుంది, తుంగ చావదు. సూదిలాగా అట్టని పొడుచుకుని వస్తుంది. తవ్వి, గడ్డలు చేత్తో ఏరడమే. వారం రోజుల పని. నేను ఏరాననుకుని మానేసిన మూలలో ఇవాళ్టికీ వస్తూనే ఉంది.

డాబా మీద పెట్టేవాళ్ళు ఎంతమంది? ఊఁ. మీకు ఇది కాస్త గట్టిగానే చెబుతాను. మనుషులు తిరిగే డాబాకి స్లాబు సొంత బరువు కాక, డిజైనులో పట్టే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలు. చదరపు అడుగుకి పద్నాలుగు కిలోలన్నమాట. ఇప్పుడు మట్టి చూడండి. తడిసిన మట్టి ఘనపుటడుగు 45 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే అడుగు మందం మట్టి పోస్తే, పద్నాలుగు మోయాల్సిన చోట నలభై ఎనిమిది పెట్టాం. కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపి తేలిక చేస్తే ఇరవై అయిదు, ముప్పైకి దిగుతుంది. అది కూడా రెట్టింపే కదండీ! మా పక్కవీధిలో మూడేళ్ళ నుంచి ఉంది, ఏం కాలేదు కదా అంటారు. స్లాబు చెప్పి కూలదు. ముందు సన్నటి పగుళ్ళు వస్తాయి, తర్వాత చెమ్మ, లోపల ఇనుము తుప్పు. డాబా మీద అడుగు మందం మడులు కట్టాలంటే ఇల్లు డిజైను చేసిన ఇంజనీరుకి చూపించాకే. లేదంటే గోడల మీద, దూలాల మీద వచ్చేలా అంచుల వెంట సంచులు, కుండీలు పెట్టుకోండి. స్లాబు నడిమధ్యలో బరువు వద్దు. డాబా మధ్యలో మంచం వేసుకుని పడుకోండి, హాయిగా ఉంటుంది.

మట్టి గురించి ఎక్కువ చెప్పను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, మడికి రెండు కిలోల వేపపిండి. ఎనిమిది, నాలుగు అడుగుల మడికి 32 ఘనపుటడుగులు పడుతుంది. మొదటి వానాకాలంలోనే రెండు మూడు అంగుళాలు కుంగుతుంది, కంగారు పడకండి, పైన ఎరువు వేసుకోవడమే. కొబ్బరి పొట్టుని మాత్రం రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

ఎరువు దగ్గర మాత్రం ఆగాలి. "బాగా చివికిందమ్మా, రెండేళ్ళదమ్మా" అని ఒకతను ట్రాక్టరు దింపి వెళ్ళాడు. నేను నమ్మాను. వంగ మొక్కలు మోకాలెత్తు వచ్చాయి, ఒక్కొక్కటీ పగలు వాలడం మొదలైంది. నీళ్ళున్నాయి, ఆకు మీద పురుగు లేదు. ఒకదాన్ని పట్టుకుని లాగాను. ఊడొచ్చేసింది, వేరే లేదు! ఆ గుంటలో చిటికెనవేలంత లావున, తెల్లగా, గోధుమరంగు తలకాయతో, సున్నాలా ముడుచుకుని పడుకుని ఉంది. వేరుపురుగు. ఆ ఒక్క మడిలో నలభై మూడు ఏరాను. లెక్కపెట్టాను, పాత అలవాటు. అప్పట్నుంచి ఎరువు కొనే ముందు కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడతాను. లోపల వెచ్చగా ఉంటే చివకలేదు. పిడికెడు తీసి వాసన చూస్తే పేడ వాసన రాకూడదు, తొలకరి మట్టి వాసన రావాలి. అమ్మేవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇప్పుడు విత్తనాలు. కాదు కాదు, విత్తనాల కంటే ముందు ఇంకో కాగితం. ఒక నెల రోజులు మీ వంటింట్లో ఏ రోజు ఏ కూర వండారో క్యాలెండరు మీదే రాయండి. నేను రాశాను. టమాటా పప్పులో, పచ్చట్లో, చారులో కలిపి దాదాపు రోజూ ఉంది. గోంగూర వారానికొకసారి ఖాయం. బెండ, వంకాయ వారానికి రెండేసి సార్లు. దొండకాయ రెండుసార్లు. క్యారెట్టు నెల మొత్తానికి ఒక్కసారి, అదీ చుట్టాలొచ్చినప్పుడు. క్యారెట్టు ప్యాకెట్టు అప్పుడే పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

ఇప్పుడు మొక్కల లెక్క. బెండ మడికి ఇరవై మొక్కలు పడతాయి. విత్తిన 45 రోజులకి కాపు మొదలు. కాపు మీదున్నప్పుడు రోజు విడిచి రోజు మొక్కకి ఒక కాయ వేసుకోండి, అంటే కోతకి పావుకిలో. నలుగురున్న ఇంట్లో వేపుడికి అర కిలో కావాలి. ఒక కోత ఫ్రిజ్‌లో పెట్టి రెండో కోతతో కలిపి వండాలి. అయిదు మొక్కలు పెట్టి "నాకు బెండ రాదండీ" అనేవాళ్ళని చాలామందిని చూశాను. వచ్చింది, మీ కూరకి చాల్లేదంతే. వంగ రెండడుగుల దూరం, మడికి ఎనిమిది మొక్కలు చాలు. గులాబి, భాగ్యమతి లాంటి మన రకాలు దొరికితే వాటిమీద మోజు పడండి. దొండ ఒక్క తీగ చాలు. నా మాట వినండి, ఒక్కటే! మేం మూడు నాటాం. ఒక దశలో వీధిలో నన్ను చూసి జనం తలుపులేసుకున్నారు, మళ్ళీ దొండకాయలు తెచ్చిందేమోనని. (నవ్వులు) మిరప గురించి గుంటూరులో నిలబడి నేను చెప్పేదేముంది.

ఆకుకూరలు ఒకేసారి చల్లకండి. మెంతి ఇరవై రోజుల్లో, తోటకూర పాతిక, ముప్పై రోజుల్లో కోతకొస్తాయి. మడి మొత్తం ఒకేరోజు చల్లితే ముప్పయ్యో రోజున ఊరందరికీ పంచాలి, ముప్పై అయిదో రోజున మళ్ళీ కూరలబండి కోసం ఎదురుచూడాలి. మడిని తాడుతో నాలుగు ముక్కలు చేసి, పది రోజులకో ముక్క చల్లండి. కొత్తిమీర గింజని చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లుతాం కదా, అది సరైన పనే. ఈ ఎండల్లో మాత్రం ఎంత నలిపినా సరిగ్గా మొలవదు, కాస్త చల్లబడేదాకా ఆగాలి.

కాలం ప్రకారం చూస్తే, జూన్ రెండో వారానికి మృగశిర వస్తుంది. తొలకరి పడ్డాక బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, గోంగూర నేరుగా విత్తుకోండి. టమాటా నారు సెప్టెంబరులో పోసుకోండి, పాతిక రోజులకి మడిలోకి మార్చొచ్చు, సంక్రాంతికి గంపలతో కోస్తారు. ఎండలు నలభై దాటాక టమాటాకి పూత నిలవదు, అది మీ తప్పు కాదు.

చిక్కుడు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పాత పందిరి చిక్కుడు జూన్‌లో పెడితే పందిరంతా అల్లుకుంటుంది, ఆకు మీద ఆకు. పువ్వు ఉండదు. శ్రావణం వెళ్తుంది, భాద్రపదం వెళ్తుంది, పువ్వు ఉండదు. చాలామంది విసిగి పీకేస్తారు. దానికి పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా అవ్వాలి, అప్పుడే పూస్తుంది. దసరా దాటాక చూడండి, గుత్తులు గుత్తులు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టి సూర్యుడికే నైవేద్యం పెడతాం. ఏ కాలానికి ఏది కాస్తుందో దాన్నే పండక్కి పెట్టుకున్నారు మనవాళ్ళు. అంతదాకా ఆగలేనివాళ్ళకి బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ్ లాంటి పొట్టి రకాలున్నాయి. వాటికి పొద్దుతో పని లేదు, పందిరి అక్కర్లేదు. నేను రెండూ పెట్టాను. రుచికి నా ఓటు పందిరి చిక్కుడికే.

ఏడాది తిరిగాక టమాటా ఉన్న మడిలో మళ్ళీ టమాటా పెట్టకండి, వంగ, మిరప కూడా వద్దు. మూడూ అన్నదమ్ములే, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది. అక్కడ గోరుచిక్కుడో, ఆకుకూరో వేయండి. అందుకే మొదట గీసిన ఆ ప్లాన్ కాగితం పారేయొద్దంటాను. నా దగ్గర ఆరేళ్ళ ప్లాన్లున్నాయి, తేదీలతో సహా.

(సభలోంచి: "నీళ్ళు ఎన్ని పట్టాలండీ? మాకు రోజు విడిచి రోజే వస్తాయి.")

ఒక్కో మడికి ఇలాంటి ఎండల్లో రోజుకి ఇరవై లీటర్లు, చలికాలం పది. మీకెన్ని బకెట్లు మిగులుతాయో చూసుకుని అన్ని మడులే కట్టుకోండి. మట్టి కనబడకుండా ఎండుటాకులో, వేరుశనగ పొట్టో నాలుగు వేళ్ళ మందం కప్పితే రోజు విడిచి రోజు పోసినా తట్టుకుంటాయి. బియ్యం కడిగిన నీళ్ళు పోయొచ్చు. వాటర్ ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్ళు మాత్రం రోజూ పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

(సభలోంచి: "కోతులమ్మా!")

(నవ్వులు) ఎవరూ అడగలేదేమిటా అనుకుంటున్నాను. దానికి నా దగ్గర మందు లేదు బాబూ. మా వీధి కోతులు టమాటాలు పచ్చివే కొరికి పారేశాయి. కాకర, మిరప, గోంగూర జోలికి ఇంతవరకూ రాలేదు. బెండ మడికి ఇనుప మెష్‌తో గూడు చేయించాను, పైన కూడా కప్పి. ఖర్చయింది. ఆ ఏడాది బెండకాయల్ని తూకం వేసి లెక్కగడితే కిలో ఎంత పడిందో మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

(సభలోంచి, ఒక యువకుడు: "ఆంటీ, మాది అద్దె ఇల్లు. కట్టుబడి కుదరదు కదా?")

నాపరాళ్ళు చెప్పాను కదా నాన్నా. ఇల్లు మారినప్పుడు పీకి పట్టుకెళ్ళు. ముందు ఓనరుని అడుగు. మొదటి ఏడాది ఒక్క మడే పెట్టు, ఆకుకూరలూ పది బెండ మొక్కలూ. రెండోదానికి తొందరపడకు. డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి నీడ ఎక్కడ దాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసుకో. నా లెక్క కంటే ఆ గీతే నమ్మకం.

టైమయిందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. గుమ్మం దగ్గర నీలం బకెట్లో బచ్చలి తీగలున్నాయి, ఇంటికో రెండు ముక్కలు తీసుకెళ్ళండి. రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి. తలకిందులుగా పెట్టకండి, ఆకు కాడలు పైకి చూడాలి. నాలుగు రోజులు నీడలో ఉంచండి. ఇద్దరున్న ఇంటివాళ్ళు మూడేసి తీసుకోకండి అమ్మా, వెనక ఇంకా జనం ఉన్నారు.